ఎక్కడ ఆపాలో తెలియని పంతులు

నేను లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ట్యూషన్‌కు పిలిచిన ఊరికల్లా రైలెక్కి పోయాను. ఒక సంఖ్యకు కారణాంకాల జతలన్నీ రాయించడం నాకు బాగా వచ్చిన పాఠమని నమ్మేవాణ్ణి. నిజానికి అది నాకు సగమే వచ్చు. ఆ సగం విద్యతో ఎంతమంది పిల్లలను విసిగించానో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

1 నుంచి మొదలుపెట్టి, ఇచ్చిన సంఖ్యలో సగం వరకు ఒక్కొక్కదానితో భాగించి చూడమనేవాణ్ణి. 240 ఇస్తే 120 దాకా పోవాల్సిందే. జవాబు సరిగ్గానే వచ్చేది కాబట్టి, పిల్లలతో గొడ్డుచాకిరీ చేయిస్తున్నానని నాకు తట్టలేదు.

ధర్మవరంలో మగ్గం ఇంటి పిల్ల ఒకతె 240కి జతలు రాసింది. 1 × 240, 2 × 120, 3 × 80, 4 × 60, 5 × 48, 6 × 40, 8 × 30, 10 × 24, 12 × 20, 15 × 16. అక్కడ కలం పక్కన పెట్టేసింది.

"సగం వరకు చూడల్ల అని చెప్పినా కదా, నడుమ ఆపితివేమి?" అని గద్దించాను.

"16 కాడ్నించి అవే తిరగబడి వస్తాయి సార్" అంది.

ఎదురు చెబుతోందనుకుని ఎర్రసిరాతో కొట్టేశాను.

వాళ్లింటి మగ్గానికి ఉన్నది 240 కొక్కేల జకార్డు, అంటే నేతలో డిజైను తీసే సాధనం. డిజైను 80 కొక్కేలు తీసుకుంటే మూడుసార్లు, 60 తీసుకుంటే నాలుగుసార్లు, 48 తీసుకుంటే ఐదుసార్లు సరిగ్గా కూర్చుంటుంది. 50 తీసుకుంటే చివర 40 కొక్కేలు మిగిలిపోతాయి. డిజైను కోసం గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టే ఇంట్లో పెరిగిన పిల్లకు నేను పాఠం చెప్పబోయాను.

ఆమె మాట తిరుగు రైల్లో నన్ను వదల్లేదు. పెనుకొండ కోట కొండ కనబడే వేళకు పేపరు అంచు మీద లెక్క వేసి చూశాను. 16 × 16 అంటే 256. జతలోని రెండు సంఖ్యలూ 15 కన్నా పెద్దవైతే లబ్ధం 240 దాటిపోతుంది. అంటే ప్రతి జతలోనూ ఒకటి 15 లోపే ఉండి తీరాలి. 15 దాకా చూస్తే అన్నీ దొరికినట్టే. 120 దాకా పోనవసరమే లేదు.

తెలిశాకైనా నేను సరిగ్గా నేర్చుకోలేదు. హిందూపురంలో 221 ఇచ్చి 2, 3, 5, 7, 11లతో భాగించి చూపించాను. ఏదీ పోలేదు. అది ప్రధాన సంఖ్య అని తేల్చేశాను. 13 × 13 అంటే 169, ఇంకా 221 లోపలే ఉంది కాబట్టి 13తో కూడా చూడాలి. చూసి ఉంటే 13 × 17 దొరికేది. మొదట ఆగాల్సిన చోట ఆగలేదు, తర్వాత ఆగకూడని చోట ఆగాను. రెండింటికీ మూలం ఒక్కటే: ఎందుకు ఆగాలో తెలుసుకోలేదు. 1356లోనే నారాయణ పండితుడు తన గణిత కౌముదిలో భాజకాలు కనుక్కోవడానికే ఒక అధ్యాయం కేటాయించాడు. నేను పాఠ్యపుస్తకం దాటి ఒక్క పేజీ తిరగేయలేదు.

వీటన్నిటికన్నా పెద్ద తెలివితక్కువతనం ఇంకొకటుంది. "నువ్వు చేసిందే సరైంది తల్లీ" అని ఆ పిల్లతో చెప్పలేదు. పంతులు పరువు అడ్డొచ్చింది. లెక్క తప్పితే దిద్దుకోవచ్చు. ఆ పిల్ల నోట్సు మీద నేను గీసిన గీతను దిద్దలేకపోయాను.

లెక్కలు చెప్పే తోటివాళ్లకు, ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి చదివించే తల్లిదండ్రులకు నాదొక మనవి. పిల్లలు లెక్కను నడుమ ఆపితే కొట్టివేసే ముందు "ఎందుకు ఆపావు?" అని అడగండి. వాళ్లు చెప్పే జవాబు చివరిదాకా వినండి.