కౌగిలి ఖరీదు

కువైట్‌ను ఇరాక్ అధ్యక్షుడు సద్దాం మింగింది 1990 ఆగస్టు 2న. ఆ నెలలోనే బాగ్దాద్ వెళ్లిన అప్పటి మన విదేశాంగ మంత్రి ఐ.కె.గుజ్రాల్ సద్దాం కౌగిట్లో ఉన్న ఫొటో లోకమంతా తిరిగింది. ధృతరాష్ట్ర కౌగిలికి భీముడి బదులు ఇనుప బొమ్మను అందించాడు కృష్ణుడు. మన దౌత్యానికి ఆ బొమ్మ కూడా దొరకలేదు! ముందుకొచ్చి వాటేసుకున్నది సద్దామే అని గుజ్రాల్ వివరణ. కావచ్చు, కెమెరాకు వివరణలు వినపడవు.

ఆ కౌగిలే లేకుంటే కువైట్‌లో చిక్కిన మనవాళ్లు బయటపడేవారా అని సమర్థకుల ప్రశ్న. న్యాయమైనదే. సుమారు 1,70,000 మంది భారతీయుల్లో అత్యధికులు ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరితేనే అమ్మాన్‌లో విమానం ఎక్కగలిగారు. 488 విమానాలు నడిచాయి. దారి సద్దాం గుప్పిట్లో ఉంటే బతిమాలక తప్పదు. కానీ దారి అడగడం వేరు, దురాక్రమణను దురాక్రమణ అనడానికి నోరు పెగలకపోవడం వేరు. కువైట్‌లోని మన ఎంబసీని బస్రాకు తరలించడం ఏ ప్రాణాలు కాపాడటానికి? పాము చావకూడదు, కర్ర విరగకూడదన్న ఆ నేర్పుకు కువైటీల మనసు విరిగింది. 1981లో ఇందిర వెళ్లాక, మళ్లీ భారత ప్రధాని అక్కడ అడుగుపెట్టింది 2024 డిసెంబరులో. ఆ 43 ఏళ్లనూ ఒక్క కౌగిలి ఖాతాలో రాయలేం. అయినా ఒక్కటి నిజం: కౌగిలి బాగ్దాద్‌లో పెద్దలది, దాని సంజాయిషీ మాత్రం కువైట్‌లోని ఫింటాస్‌కు పనికెళ్లిన కడప కూలీది.