మోసపోదలచిన యాత్రికుడికి దారి

పెద్దాపురంలో పిల్లల పరీక్షలు అయిపోగానే ఇంటి పెద్ద రెండు పనులు మొదలుపెడతాడు. సామర్లకోటలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి బెర్తులున్నాయేమో చూస్తాడు. ఆ తర్వాత తిరుమలలో గది కోసం ఫోన్‌లో వెతుకుతాడు. డబ్బు పోగొట్టుకోవాలన్న పట్టుదల ఉన్నవాడు మొదటి పనిని త్వరగా కానిచ్చేసి, రెండోదాని మీద మనసు పెట్టాలి.

ఈ ఊరికి యాత్రికుల మర్యాద కొత్త కాదు. మహారాణి బుచ్చి సీతయమ్మ పేరున్న సత్రంలో దారినపోయేవాళ్లకి అన్నం ఊరికే పెట్టేవారు. ఇప్పుడు అదే ఊరివాడు తాను పడుకోని మంచానికి ముందుగానే అద్దె కట్టగలడు. కాస్త పద్ధతి తెలియాలి, అంతే.

వెబ్‌సైట్ పేరు మొత్తం చదవడం మొట్టమొదటి తప్పు. 2023లో టీటీడీ అసలు చిరునామా తిరుపతిబాలాజీ.ఏపీ.గవ్.ఇన్. అప్పుడే ఒక నకిలీ బయటపడింది: తిరుపతిబాలాజీ-ఏపీ-గవ్.ఆర్గ్. చుక్కలున్నచోట అడ్డగీతలు, చివర ఇన్ బదులు ఆర్గ్. ఏడుకొండలవాడి బొమ్మ మాత్రం రెండింట్లోనూ చల్లగా నవ్వుతుంటుంది. ఆ ఏడాది ఏప్రిల్ నాటికి టీటీడీ ఫిర్యాదులకెక్కిన నకిలీ సైట్లు 41. గవ్.ఇన్ అన్న తోకను ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు కాబట్టి అది కనబడితే మోసపోవడం కష్టం. అందుకే భక్తుడు చిరునామా తోక జోలికి పోకుండా బొమ్మకి దణ్ణం పెట్టుకుని ముందుకు సాగాలి. 2024 జనవరిలో టీటీడీ తన చిరునామాని టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్ అని మార్చింది. పాతది గుర్తుండి కొత్తది గుర్తులేని బంధువుని సలహా అడిగితే పని ఇంకా తేలిక.

టిక్కెట్లు ఎప్పుడు వదులుతారో తెలుసుకోకపోవడం కూడా ముఖ్యమే. మూడొందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా సాధారణంగా నెలల ముందే విడుదలవుతుంది, చూస్తుండగానే అయిపోతుంది. తెలిసినవాడు క్యాలెండర్‌లో రాసిపెట్టుకుంటాడు. మోసపోదలచినవాడు మాత్రం బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు, "ఎలాగైనా సరే" అనుకుంటూ వెతకాలి. అయిపోయిన టిక్కెట్టుని ఎదురు చెప్పకుండా అమ్మేవాడు అప్పుడే దొరుకుతాడు. ఆ దొరికినవాడు వీఐపీ బ్రేక్ అంటాడు, కొండ మీద ప్రైవేటు హోటల్లో ఏసీ గది అంటాడు. కొండ మీద గదులు టీటీడీవి, కొన్ని మఠాలవి అన్న సంగతి ఆ సమయానికి గుర్తు రాకూడదు.

ఇక ఫోన్ నంబరు. హోటల్ పేరు కొట్టి, ఇంటర్నెట్‌లో మొదట కనబడిన నంబరుకే చేయాలి. అవతలివాడు ఎంతో మర్యాదస్తుడు. "రెండే రూములు మిగిలాయండి, ఆయ్, ఇప్పుడే అడ్వాన్స్ వేసేయండి సార్, లేదంటే వేరేవాళ్లకి వెళ్లిపోతుందండి" అంటాడు. గోదావరి యాసలో మాట్లాడితే మనవాడే అని నమ్మేయాలి. డబ్బు హోటల్ పేరుకి కాకుండా ఎవరో వ్యక్తి పేరుకి వెళ్తోందని ఫోన్ తెర చూపించినా పట్టించుకోకూడదు. ఆ తెర ఒక్కటే ఈ వ్యవహారంలో నిజం చెప్పేది, దాన్ని చూడకపోతే సగం పని అయినట్టే.

మిగతా సగం, డబ్బు వెనక్కి ఇస్తామన్నప్పుడు. "పొరపాటున ఎక్కువ పడిందండి, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, రీఫండ్ వచ్చేస్తుంది." యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. ఇది అన్నవరం మెట్ల దగ్గర కొబ్బరికాయలమ్మే ఆవిడకి కూడా తెలుసు, రోజంతా ఆవిడ ఖాతాలో డబ్బు పడుతూనే ఉంటుంది, ఆవిడ ఒక్కసారీ పిన్ కొట్టదు. ఆవిణ్ణి అడగకూడదు.

ఉత్తరాదికి పోవాలని ఉబలాటపడేవాళ్లకి కేదార్‌నాథ్ హెలికాప్టర్ శ్రేష్ఠం. 2023 నుంచి ఆ టిక్కెట్లు ఐఆర్‌సీటీసీ నడిపే హెలీయాత్ర సైట్లో తీసుకోవాలి. వాట్సాప్‌లో పీడీఎఫ్ టిక్కెట్టు పంపే ఏజెంటు దగ్గర కొంటే ఫాటాలోనో సిర్సీలోనో హెలిప్యాడ్ దగ్గరికి వెళ్లాకే అసలు విషయం తెలుస్తుంది. అంతదూరం వెళ్లి చలిలో నిలబడి తెలుసుకోవడంలో తృప్తి వేరు.

డబ్బు పోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయడం మాత్రం అస్సలు పనికిరాదు. తొందరగా చెబితే, డబ్బు ఖాతాలు మారేలోపు బ్యాంకులు ఆపేసే ప్రమాదముంది. కాబట్టి ముందు ఇంట్లో ఎవరిది తప్పో తేల్చుకోవాలి. బావగారికి తెలియకుండా దాచాలి. రెండ్రోజులు అలా గడిపితే ఇంకో ఫోన్ వస్తుంది: "మేం సైబర్ డిపార్ట్‌మెంటు నుంచండి, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు రెండు వేలు కట్టాలి." యాత్రికుడి దగ్గర ఆ రెండు వేలు ఇంకా మిగిలి ఉంటే, అవీ అక్కడే ఇచ్చేయవచ్చు.