మా రోజుల్లో పిస్టన్‌కు ఒక్కటే ధర్మం

మా రోజుల్లో మైన్‌క్రాఫ్ట్ అంటే ఒక్కటే. మార్కస్ పెర్సన్ 2009లో బయటపెట్టిన ఆట, 2011 నవంబరు 18న పూర్తి రూపంలో విడుదలైన ఆట. కంప్యూటర్లో జావా వేసుకోవాలి, ఆట దించుకోవాలి, ఆడాలి. ఎక్కడో స్వీడన్‌లో ఒకడు, ఆటలో కరెంటు తీగలా పనిచేసే రెడ్‌స్టోన్‌తో ఓ యంత్రం కట్టి వీడియో పెడితే, మనం ఇక్కడ కూర్చుని బ్లాకుకు బ్లాకు అలాగే పేరిస్తే అది అలాగే నడిచేది. నేర్చుకున్న విద్య ఎవరి దగ్గరైనా చెల్లేది.

ఫోన్లకు 2011 ఆగస్టులోనే ఒక చిన్న ఆట వచ్చింది గానీ మేం పట్టించుకోలేదు. రెడ్‌స్టోన్ లేని ఆట మాకెందుకు? దానికి రెడ్‌స్టోన్ వచ్చేసరికి 2015 నవంబరు అయింది, పిస్టన్లు ఆ తరవాతి ఏడు. జావాతో సంబంధం లేకుండా సి ప్లస్ ప్లస్‌లో వేరే రాసుకున్న ఆట అది. అదే పెరిగి పెద్దదై బెడ్‌రాక్ అయింది. 2017 సెప్టెంబరు 20న వచ్చిన అప్‌డేట్‌తో ఉత్త ‘మైన్‌క్రాఫ్ట్’ అనే పేరు దానికి వెళ్లింది, అసలుదానికి ‘జావా ఎడిషన్’ అని తోక తగిలింది. ఇల్లు కట్టిన పెద్దాయన్ని వసారాలోకి పంపి, గడప మీద కొత్తవాళ్ల పేరు చెక్కినట్టుంది నాకు. పేరు పోతే పోయింది. లోపలి నియమాలు వేరని ఆడే పిల్లలకు ఎవరూ చెప్పరే, అదీ నా బాధ.

ముందున్న బ్లాకును తోసే పిస్టన్ సంగతే చూడండి. పక్క నుంచో కింద నుంచో కరెంటు ఇస్తే పిస్టన్ లేస్తుంది, అది మామూలే. జావాలో ఇంకోటి ఉంది. పిస్టన్ పైన ఉన్న గడి ఉత్త గాలే అయినా సరే, ఆ గడికి కరెంటు అందే వీలుంటే కింది పిస్టన్‌కూ అందినట్టే లెక్క. తలుపు రెండు గడుల ఎత్తు ఉంటుంది కాబట్టి పై సగానికి కరెంటు తగిలినా తెరుచుకోవాలి కదా, ఆ తలుపు కోడ్‌నే పిస్టన్‌కూ వాడటంతో వచ్చిన గుణం ఇది. క్వాసీ కనెక్టివిటీ అంటాం. అలా పైనుంచి కరెంటు అందిన పిస్టన్ వెంటనే లేవకపోవచ్చు కూడా. పక్కన ఓ బ్లాకు పెడితేనో తీస్తేనో అప్పుడు ఉలిక్కిపడి లేస్తుంది. కొత్తగా చూసినవాడు దీన్ని బగ్ అంటాడు. మావాళ్లు దాన్నే పట్టుకుని, పక్కన ఏ మార్పు జరిగినా పసిగట్టే స్విచ్ తయారుచేశారు. బడ్ స్విచ్ అని పేరు పెట్టారు. 2016లో అదే పని చేసే అబ్జర్వర్ బ్లాకును కంపెనీవాళ్లే ఆటలో పెట్టారంటే, ఆటగాళ్ల బుర్రకు దక్కిన గౌరవం కాదా అది?

తోసిన బ్లాకును వెనక్కి లాగే స్టికీ పిస్టన్ కూడా అంతే. రెప్పపాటు కరెంటు ఇస్తే జావాలో అది బ్లాకును ముందుకు తోసి అక్కడే వదిలేసి వెనక్కి వస్తుంది. మళ్లీ ఇస్తే లాక్కుంటుంది. ఒక్క బటన్‌తో దీపం వెలిగించి ఆర్పే యంత్రాలు ఎన్నో ఈ గుణం మీదే కట్టాం.

బెడ్‌రాక్‌లో ఈ రెండూ లేవు. పైగడి కరెంటు అక్కడ చెల్లదు, స్టికీ పిస్టన్ పట్టిన బ్లాకును వదలదు. ఒకే క్షణంలో రెండు పిస్టన్లు లేవాల్సి వస్తే ఏది ముందు లేస్తుందో కూడా నమ్మకంగా చెప్పలేం. మా మేనల్లుడు ఫోన్లో రహస్య తలుపు కట్టి, “మామయ్యా, ఆ వీడియోలో ఉన్నట్టే పెట్టాను, కదలట్లేదు” అని తెచ్చి చూపించాడు. డస్ట్ సరిగానే పరిచాడు, రిపీటర్ సరైన దిక్కుకే తిప్పాడు, టార్చ్ ఎక్కడుండాలో అక్కడే ఉంది. వాడి పనిలో వంక పెట్టడానికి లేదు. ఆ వీడియో జావాది, వాడి ఆట బెడ్‌రాక్‌ది. తనకు చేతకాలేదనుకుని సగం కట్టిన కోటను వదిలేశాడు ఆ పిల్లాడు. నాకు కడుపు రగిలిపోయింది.

రాక్షసులను పుట్టించి సామాను రాల్చుకునే మాబ్ ఫారాలదీ ఇదే కథ. జావాలో రాక్షసులు మనకు 24 బ్లాకుల అవతల నుంచి 128 బ్లాకుల దాకా పుడతాయి, ఆ లెక్క చూసుకుని ఆకాశంలో ఎత్తుగా ఫారం కట్టుకుంటాం. బెడ్‌రాక్‌లో సిమ్యులేషన్ దూరం, అంటే మన చుట్టూ ఆట నడిచే మేర, 4 చంకులుగా ఉంటే ఆ హద్దు 44 దగ్గరే ఆగిపోతుంది. పాత నమూనాలో కడితే గంటలకొద్దీ నిలబడినా ఒక్క ఎముక రాలదు. విథర్ అనే పెద్ద రాక్షసుడికి జావాలో ప్రాణం 300. బెడ్‌రాక్‌లో హార్డ్ పెట్టుకుంటే 600, పైగా సగం ప్రాణం పోయాక తోడుగా విథర్ అస్థిపంజరాలను దింపుతుంది. మన అనుభవం చూసి ధైర్యం చెప్పి ఓ పిల్లాణ్ని పంపితే వాడి సామానంతా నేలపాలే.

కత్తియుద్ధం దగ్గర మాత్రం నా గొడవ జావాతోనే. 2016 ఫిబ్రవరి 29న వచ్చిన 1.9తో కత్తికి విరామం పెట్టారు. వేటు వేశాక గీత నిండేదాకా ఆగాలి, తొందరపడితే దెబ్బలో సత్తా ఉండదు. అంతకుముందు చేతివేగమే బలం. ఆ పాత పోరాటం ఇవాళ బెడ్‌రాక్‌లోనే బతికుంది, ఆ ఒక్కందుకు దానికి దండం పెడతాను. అక్కడి పిస్టన్ సామానుతో సహా పెట్టెను తోస్తుంది, జావా పిస్టన్‌కు ఆ పని రాదు. చెరకుకు ఎముకపొడి వేస్తే చప్పున ఎదుగుతుంది కూడా. ఫోన్ ఉన్నవాడూ ఎక్స్‌బాక్స్ ఉన్నవాడూ ఒకే లోకంలో ఆడుకోవడం నిజంగా మంచి సంగతి. కానీ గనిలో ఎడమచేత్తో టార్చ్ పట్టుకుని కుడిచేత్తో తవ్వడం జావాలోనే. బెడ్‌రాక్‌లో ఎడమచేతికి డాలు, టోటెమ్, మ్యాపు లాంటివి కొన్నే పడతాయి. డాలు అడ్డం పెట్టాలంటే అక్కడ వంగాలి, ఇక్కడ మౌస్ కుడిబటన్ నొక్కాలి. ఒకే పేరున్న ఆటలో ప్రాణం కాపాడుకునే మీటే వేరైతే చేతికి అలవాటు ఎలా కుదురుతుంది?

2021 నవంబరు 30న 1.18 వచ్చాక లోకాన్ని పుట్టించే సీడ్ ఒకటే ఇస్తే రెండింట్లోనూ దాదాపు అవే కొండలు, అవే లోయలు వస్తున్నాయి. నేలను కలపగలిగినవాళ్లు పిస్టన్‌ను కలపలేరా? జావా గుణాన్ని తీసేసి కలపమని మాత్రం అనను, దాని మీద పదేళ్లకు పైగా కట్టిన యంత్రాలన్నీ కూలిపోతాయి. బెడ్‌రాక్‌కు ఆ గుణం నేర్పాలి. అది కుదిరేదాకా, కొత్త లోకం తెరిచే చోటే ఇక్కడి రెడ్‌స్టోన్ నియమాలు ఇవీ అని నాలుగు ముక్కలు రాసి పెట్టాలి.

2022 జూన్ నుంచి కంప్యూటర్‌కు రెండు ఎడిషన్లూ కలిపే అమ్ముతున్నారు. కొన్న ఇంట్లో పిల్లలుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ముందు జావా తెరవండి. ఒక పిస్టన్ పెట్టి, దానిపైన ఒక గడి ఖాళీ వదిలి, ఆపైన ఒక రెడ్‌స్టోన్ దిమ్మ పెట్టించండి. పిస్టన్ లేవకపోతే పక్కన ఏదో ఒక రాయి పెట్టమనండి, లేస్తుంది. ఎందుకు లేచిందో వాళ్లనే చెప్పమనండి.