తొమ్మిదో దుప్పటి

కల్లూరు బస్టాండులో రాత్రిళ్ళు తొమ్మిది మంది పడుకుంటారని చెప్పింది ఆఖరి బెంచీ కుర్రాడు.

సంక్రాంతి వెళ్ళిన వారం. కాలేజీలో ఎన్నెస్సెస్, అంటే జాతీయ సేవా పథకం మీటింగు. ఈ ఏడు ఏం చేద్దామని ప్రోగ్రాం ఆఫీసరు పీవో సారు అడిగారు. మొక్కలు నాటుదామన్నారొకరు. బడి గోడలకు సున్నం వేద్దామన్నారొకరు. 1969లో, గాంధీగారి శతజయంతి ఏడాదిలో, ఈ పథకం మొదలైంది. వాలంటీరు రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. గంటలు నిండితే సర్టిఫికెట్టు. మొక్కలకైతే గంటలు తేలిగ్గా నిండుతాయి.

అప్పుడు లేచాడు ఆ కుర్రాడు.

"బస్టాండులో చలికి వణుకుతూ పడుకునేవాళ్ళున్నారు సార్."

"ఎంతమంది?"

"తొమ్మిది మంది."

తడుముకోలేదు. క్లాసులో అతను నోరు విప్పడమే అరుదు. వాళ్ళది చంద్రుగొండ వైపు అడవిలో గుడిసె. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ ఊళ్ళు ఖాళీ అయినప్పుడు, అడవి దాటి ఇటు వచ్చిన కుటుంబం. ఇక్కడివాళ్ళు గుత్తికోయలంటారు. పక్క రాష్ట్రం నుంచి వచ్చారు కాబట్టి ఇక్కడ వాళ్ళకు ఎస్టీ సర్టిఫికెట్టు రాదు. ఆ కాగితం లేక కుర్రాడికి స్కాలర్‌షిప్పు కూడా రాలేదు. అయినా క్లాసు ఎగ్గొట్టడు. పొద్దున్నే అందరికన్నా ముందే వచ్చి కూర్చుంటాడు.

పీవో సారుకు ఆలోచన నచ్చింది. ఇల్లు లేనివాళ్ళ లెక్క రాత్రిపూటే తీయాలని చెప్పారాయన. 2011 జనాభా లెక్కల్లో అందుకోసం ఫిబ్రవరి 28 రాత్రిని కేటాయించారు. దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేల మందికి పైగా తేలారు. పగలు చూస్తే వాళ్ళు హమాలీలు, కూలీలు, చిత్తుకాగితాలు ఏరేవాళ్ళు. ఇల్లు లేదన్న సంగతి పొద్దుగూకాకే తెలుస్తుంది. సారు చెప్పిన వాటిలో పిల్లలు రాసుకోవాల్సిన మాట ఇదే.

చందాలు వేసుకున్నారు. తొమ్మిది దుప్పట్లు కొన్నారు. లీడరమ్మాయి బిల్లు భద్రంగా ఫైల్లో పెట్టింది. పేరు, వయసు, సొంతూరు, ఎన్నాళ్ళుగా ఇక్కడ అని గళ్ళు గీసి ఒక ఫారం తయారుచేసింది. అందులో తొమ్మిది వరసలు.

సత్తుపల్లి వైపు ఆఖరి బస్సు వెళ్ళిపోయాక అందరూ వ్యానులో వచ్చారు. కుర్రాడు అప్పటికే అక్కడున్నాడు.

ముందు నడిచింది అతనే. షెడ్డు కింద మూటలతో గుంపుగా పడుకున్నవాళ్ళను చూసి లీడరమ్మాయి ఫారం తీయబోయింది. కుర్రాడు వాళ్ళతో కోయలో రెండు మాటలు మాట్లాడాడు.

"మిర్చి కోతకొచ్చిన కూలీలు. పొద్దున మేస్త్రీ వచ్చి తీసుకుపోతాడు. వీళ్ళను రాయొద్దు."

తర్వాత ఒక్కొక్కరినే చూపించాడు. గోడవారన పడుకున్న తాతకు ఎడమ చెవి వినపడదు, కుడివైపు నుంచి పిలవమన్నాడు. టికెట్ల కిటికీ కింద ఉన్న ముసలమ్మ తల కింది సంచి జరపొద్దన్నాడు. అందులో ఆమె బియ్యం ఉన్నాయి. టాయిలెట్ల పక్కనుండే మనిషి తాగి అరుస్తాడు గానీ చెయ్యి చేసుకోడన్నాడు. ఉత్తరం వైపు అరుగు మీద ఎవరూ ఉండరు, తెల్లవారుజామున గాలి అటునుంచే కొడుతుందన్నాడు. రోజూ బస్సెక్కే చోటు కదా, తెలిసే ఉంటుందనుకున్నారు తోటివాళ్ళు.

దుప్పటి ఇవ్వడం, పేరు రాయడం, ఫొటో తీయడం. ఎనిమిది వరసలు నిండాయి. తొమ్మిదో మనిషి లేడు.

షెడ్డు వెనక వెతికారు. ఆటో స్టాండు దాకా వెళ్ళి వచ్చారు. మూసిన కొట్ల అరుగులు చూశారు. లేడు.

"తొమ్మిదన్నావు కదా, ఏడీ?" అంది లీడరమ్మాయి.

కుర్రాడు నేల చూశాడు.

"ఇంటికొకటి పట్టుకుపోదామని ఒకటి ఎక్కువ చెప్పుంటాడులే" అన్నాడొకడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

పీవో సారు నవ్వలేదు. "చందా డబ్బు ఇది. పైసా పైసా లెక్క చెప్పాలి. ఇకనుంచి కళ్ళతో చూసినంతే చెప్పు" అన్నారు.

"సరే సార్."

"మిగిలింది రేపు బిల్లు చూపించి కొట్లో తిరిగిచ్చెయ్యమ్మా."

లీడరమ్మాయి ఫారంలో తొమ్మిదో వరసను అడ్డంగా కొట్టేసింది. దుప్పటి మడత పెట్టి సంచిలో వేసుకుంది. అందరూ వ్యానెక్కుతున్నారు. కుర్రాడు కదల్లేదు.

"నువ్వు రావా? దారిలో దింపుతాం" అన్నారు సారు.

"నాకు ఇక్కడే బస్సుంది సార్."

సారు తలూపి డ్రైవరు పక్కన కూర్చున్నారు. టికెట్ల కిటికీ కింద ముసలమ్మ కొత్త దుప్పట్లోంచి లేచి కూర్చుంది.

"ఓ బిడ్డా, ఆ దుప్పటి మళ్ళా కొట్టుకెందుకు? ఆ పిల్లగాడికియ్యి. పుస్తకాల సంచి తల కింద పెట్టుకొని రోజూ నా పక్కన పండేది వాడే గదా!"