ట్రిప్పుల లెక్క

2016 ఎండాకాలం. మిషన్ కాకతీయ కింద ఊరి చెరువులో పూడిక తీస్తున్నారు. తవ్వి ట్రాలీలో పోయడం సర్కారు ఖర్చు, చేనుకు తోలుకోవడం రైతు ఖర్చు. రైతంటే పట్టాదారా, కౌలుదారా అని ఎవరూ అడగలేదు. చెరువుకు ఆ పట్టింపు లేదు.

అతను చేసేది 3 ఎకరాల ఎర్ర చల్క. కౌలు ఎకరానికి 8,000. ఆసామి వరసకు మేనమామ, ఉండేది హైదరాబాద్‌లో. ఏటా ఉగాదికి నోటిమాట మీదే కౌలు ఖాయమవుతుంది. చెరువు మట్టి బలం నాలుగైదేళ్లు ఉంటుంది కనక, అయిదేళ్లకు కాయితం రాసిమ్మని అతను ఫోన్ చేశాడు.

"మనలో మనకు కాయితాలేంది అల్లుడా," అన్నాడు మామ. "నీ చేననుకోని చెయ్యి."

పక్క చేను కౌలుదారు తట్టెడు మట్టి కూడా పోయలేదు. అతని ఆసామి బయటివాడు.

ఇతను చిట్టీ పాడి ట్రాక్టరు మాట్లాడాడు. ట్రిప్పుకు 300. లెక్క తేడా రాకుండా మోటారు స్టార్టర్ డబ్బా తలుపుకు లోపలివైపు మేకుతో గీతలు గీశాడు. నాలుగు నిలువు, వాటి మీద అడ్డంగా ఒకటి. ఎకరానికి 40 ట్రిప్పులు తోలేసరికి తలుపు నిండా 24 కట్టలయ్యాయి. కొన్ని గీతలు వంకరపోయాయి. అవి రాత్రి ట్రిప్పులు.

ఆ ఏడు వాన పది రోజులు వెనక్కి పోయినా పత్తి వాడలేదు. యూరియా బస్తా తగ్గింది.

2018 మే నెలలో రైతుబంధు చెక్కులొచ్చాయి. ఎకరానికి 4,000, పట్టాదారు పేరు మీద. మామ కారులో వచ్చి 12,000 చెక్కు తీసుకున్నాడు. ఎలాగూ వచ్చాను గదా అని చేను చూడబోయాడు. కాళ్లు కడుక్కుందామని మోటారు వేయడానికి డబ్బా తలుపు తీశాడు.

"ఇవేంది?"

"మట్టి ట్రిప్పులు మామా."

మామ కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒక్కో కట్ట మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. నడుమ తప్పితే మళ్లీ మొదటికొచ్చాడు.

"ట్రిప్పుకెంత పడ్డది?"

"మూడు వందలు."

మామ ఫోన్‌లో గుణించాడు. 36,000.

"ఇంత పెట్టి నాకొక్క మాట చెప్పకపోతివి," అన్నాడు.

అల్లుడు తల వంచుకున్నాడు. చిట్టీ ఇంకా నాలుగు వాయిదాలుంది. సగమిచ్చినా తీరిపోతుంది.

మామ తలుపు మూశాడు.

"ముప్పై ఆరు వేల మట్టి పడ్డ చేనును ఎనిమిదికే ఇచ్చిన్నంటే ఊళ్లె నవ్వుతరు. పదకొండు చేద్దాం. బయటోళ్లకైతే పదమూడుకు తక్కువ ఇయ్య. నువ్వు మనోడివి."