బొగ్గు రంగు గది

ఇంట్లో నలుపు కావాలంటే బస్తర్‌లోని మా ఉసూర్‌లో ఎవరూ డబ్బు ఖర్చు పెట్టరు. కట్టెల పొయ్యి రాజేసి ఊరుకుంటారు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి వంటింటి గోడ, దూలం, ఉట్టి అన్నీ ఒక్క రంగులోకి వచ్చేస్తాయి. ఆ రంగుకే పట్నాల్లో డబ్బాల లెక్కన బిల్లు వేస్తున్నారని మా అబ్బాయి హైదరాబాద్‌లో చదువుకుని వచ్చాకే తెలిసింది.

నేను తునికాకు కొనే ఫడ్‌లో లెక్కలు రాసే మున్షీని. ఆకు కోత రోజుల్లో పగలంతా ఇంటిపట్టున ఉండను. ఆ సందు చూసుకుని మా వాడు ముందుగదికి బొగ్గు రంగు వేయించాడు. ఇదేం కొత్త విద్య కాదట. 1876లో లండన్‌లో లేలాండ్ అనే ఓడల వ్యాపారి ఊళ్లో లేని సమయం చూసి, విస్లర్ అనే చిత్రకారుడు ఆయన భోజనాల గదిని నెమలి రంగుల్లో ముంచేశాడట. తిరిగొచ్చిన ఆసామి అడిగినదాంట్లో సగమే ఇచ్చాడు. విస్లర్‌కు ఒళ్లు మండింది. ఆ గది గోడ మీదే కొట్లాడుకునే రెండు నెమళ్లను గీసి, డబ్బున్న నెమలి కాళ్ల దగ్గర నాణేలు పోశాడు. ఈ కథంతా మా వాడే చెప్పాడు, పెయింటు బిల్లు నా చేతిలో పెట్టబోయే ముందు.

బిల్లు చిన్నదేం కాదు. వైట్ బేస్‌లో నల్ల స్టెయినర్ ఎంత పోసినా బూడిద రంగు వస్తుంది గానీ బొగ్గు రంగు రాదు. దానికి డీప్ బేస్ కావాలి. అందుకని బీజాపూర్ దాకా బండి కట్టారు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమయ్యా, ఇక పట్టపగలే లైటు వేసుకోవాలా?" అంది. సున్నం గోడ తన మీద పడ్డ వెలుగులో నూటికి ఎనభై పాళ్ల దాకా వెనక్కిస్తుంది. బొగ్గు రంగు పది పాళ్లు కూడా ఇవ్వదు. రాత్రి కరెంటు పోయినప్పుడు మాత్రం రెండూ సమానమే.

నలుపు ఎండను లాగుతుందని చుట్టాలు బెదిరించారు. ఎండ కొట్టేది బయటి గోడను గానీ లోపలి గోడను కాదు. మే నెల మధ్యాహ్నం రోడ్డు మీంచి వచ్చినవాడికి ఆ గదిలో కళ్ల మంట చల్లారుతుంది, ఒప్పుకోవాలి.

అసలు తగాదా దోమలతో. వాటికి ముదురు రంగంటే మోజు. 2020 నుంచి 'మలేరియా ముక్త్ బస్తర్' అంటూ ఇంటింటికీ తిరిగి రక్తపరీక్షలు చేసిన ప్రాంతంలో దోమలకు అతిథిగృహం కట్టించడం మా వాడికే చెల్లింది. తెల్లగోడ మీదైతే దోమ కనపడేది, కొట్టేవాళ్లం. ఇప్పుడు అంచనా మీద గోడంతా వాయించాలి. కనపడాల్సిన దోమను దాచేసే ఈ రంగు, బల్లి రెట్టను మాత్రం వీధిలోకి కనపడేట్టు చూపిస్తుంది.

ఇంతకీ ఆ గోడకు ఉద్యోగం నేనే ఇప్పించాను. మెరుపు లేని పెయింటు కదా, సుద్దముక్క దివ్యంగా పడుతోంది. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక మానక్ బోరా, బోరాకు 5500 రూపాయలు. ఎవరివి ఎన్ని కట్టలో గోడ మీదే రాస్తున్నా. సాయంత్రమైతే వాడకట్టంతా వచ్చి ఎవరి అంకె వాళ్లు సరిచూసుకుంటోంది.

మా వాడు గదిని ఫొటో తీసుకుందామని వచ్చి బిత్తరపోయాడు. "తుడిచెయ్యనా నాన్నా?" అన్నాడు.

"డబ్బులు పంచాక తుడువు. కానీ పై వరస జోలికి మాత్రం పోకు," అన్నాను.

పై వరసలో వాడి పేరు, ఎదురుగా డీప్ బేస్ ఖరీదు, బండి కిరాయి, కింద గీత కొట్టి 'బాకీ' అని రాసి ఉన్నాయి.