మూడు కిలోల సుఖం

400 ఎంఎం ఎఫ్ 2.8 లెన్స్ కొన్నవాడి దగ్గర ఇక కెమెరా ఉండదు. లెన్స్ ఉంటుంది, దాని వెనక తగిలించిన చిన్న సామాను ఒకటి ఉంటుంది. ఇది వేళాకోళం కాదు. ట్రైపాడ్‌కు బిగించేది లెన్స్ కాలర్ కింది పాదాన్ని, కెమెరాను కాదు. భుజాన వేసుకునే పట్టీ లెన్స్‌కే ఉంటుంది. ఎత్తేటప్పుడు కెమెరాను పట్టుకుని ఎత్తకూడదని తెలిసినవాళ్లందరూ మొదటి పాఠంగా చెబుతారు. దగ్గర దగ్గర మూడు కిలోల లెన్స్, కిలో కెమెరా: ఎవరు ఎవరికి అనుబంధమో తక్కెడే తేలుస్తుంది. ధర పది లక్షలకు పైమాటే. ఇంత పోసి కొన్నవాళ్లు కూడా ఆ బరువును లెన్స్‌కున్న ఒక రోగంలాగే చూస్తారు. దాన్ని కుదర్చడానికని ఒక్కో హంగే కొంటూ పోతారు, ప్రతి హంగుతోనూ మోత ఇంకాస్త పెరుగుతుంది. నేను అనేది వేరు. ఈ లెన్స్ చేసే పనిలో సగం దాని బరువే చేస్తోంది. ఈ సంగతి ఒప్పుకుంటే ఏ హంగు కొనాలో, ఏది సరదా కోసం మాత్రమే కొంటున్నామో కూడా తేలిపోతుంది.

బరువెందుకో తెలుసుకోవడానికి చిన్న భాగహారం చాలు. 400ని 2.8తో భాగిస్తే సుమారు 143. అంటే ముందున్న గాజు కనీసం 143 మిల్లీమీటర్ల వెడల్పుండాలి. అదే 400 దగ్గర ఎఫ్ 6.3తో సరిపెట్టుకుంటే 63 మిల్లీమీటర్లు చాలు. వెడల్పు రెండింతలు దాటితే గాజు బరువు రెండింతలతో ఆగదు. ఇంజనీర్లు దీనితో చేసిన కుస్తీ చిన్నది కాదు. 1999లో వచ్చిన కానన్ 400 ఎఫ్ 2.8 ఐఎస్ బరువు 5,370 గ్రాములు. రెండో తరం 3,850. 2018లో వచ్చిన మూడో తరం 2,840. ఫ్లోరైట్ వాడారు, ముందువైపున్న బరువైన గాజుల్ని వెనక్కి జరిపారు, మొత్తానికి రెండున్నర కిలోలు కోసేశారు. మరి కొన్నవాళ్లు ఆ రెండున్నర కిలోల తేలికను అనుభవించారా? లెన్స్‌ను ఏ కోణంలోనైనా నిలిపే, కిలోన్నరకు దగ్గరగా ఉండే గింబల్ హెడ్ ఒకటి, దాన్ని మోయడానికి రెండు కిలోల కార్బన్ ట్రైపాడ్ ఒకటి కొని లెక్క సరిచేశారు, పైన కాస్త వడ్డీ కూడా కట్టారు. విమానంలో చేతిసంచికి ఇచ్చే 7 కిలోల్లో లెన్స్, కెమెరా, గింబల్ కలిసి ఐదు దాటేస్తాయి. చొక్కాలు కింద లగేజీలో పోతాయి, పోతే పోనీ అనుకుంటారు.

ఇది పిచ్చి అనిపిస్తుంది కానీ, బరువు మనిషిని ఏం చేస్తుందో గమనిస్తే అనిపించదు. తేలికపాటి లెన్స్ ఉన్నవాడు కొల్లేరు గట్టు మీద ఇటు పది అడుగులు, అటు ఇరవై అడుగులు తిరుగుతూనే ఉంటాడు. అతను కదిలినప్పుడల్లా పిట్టలు ఇంకాస్త దూరం జరుగుతాయి. బరువైన లెన్స్ ఉన్నవాడికి ఆ అవకాశమే లేదు. ఒకచోట దిగబడతాడు, అక్కడే ఉంటాడు. కాసేపటికి పిట్టలు అతన్ని లెక్కచేయడం మానేసి తమ తిండి తాము చూసుకుంటాయి. ఓర్పు అనేది అతని గుణం కాకపోవచ్చు, నడుమునొప్పి అయినా కావచ్చు. ఫొటోకు మాత్రం రెండూ ఒకటే. పైగా చేతి సన్నని వణుకును బరువైన వస్తువు తేలిగ్గా పట్టించుకోదు, అందులోనూ కింద మోనోపాడ్ ఆనించి ఉన్నప్పుడు. దీనికి మన ఎండను కూడా కలుపుకోండి. ఉదయం తొమ్మిది దాటాక నీటి మీది గాలి కాగి అలలు అలలుగా ఊగుతుంది. దూరాన ఉన్న కొంగ ఆ గాలి వెనక కరిగినట్టు కనిపిస్తుంది, ఎంత ఖరీదు లెన్స్ అయినా ఆ గాలిని ఆపలేదు. కాబట్టి దూరపు ఫొటో అంటే తెల్లవారుజామే, లేదా మునిమాపే. అప్పుడేమో వెలుతురు ఉండదు. ఎఫ్ 6.3 కన్నా ఎఫ్ 2.8 ఐదు రెట్లు వెలుతురు లోపలికి తెస్తుంది. అవతలివాడు సెకనులో 200వ వంతు దగ్గర తంటాలు పడుతుంటే ఇవతలివాడు 1000వ వంతు దగ్గర రెక్క ఈకలు లెక్కపెడుతుంటాడు.

ఇప్పుడు అభ్యంతరాలు. ఫోన్‌లోనే వందరెట్ల జూమ్ ఉందిగా అనేవాళ్లతో వాదన అక్కర్లేదు. ఆ వందరెట్లలో తీసిన కొంగను ఒకసారి టీవీ తెర మీద వేసి చూపించమంటే చాలు. అసలైన అభ్యంతరం జూమ్‌ల వాళ్లది. రెండు కిలోల్లో 600 ఎంఎం దాకా వెళ్లే జూమ్‌లు వచ్చాయి, ఐఎస్ఓ ఎంత పెంచినా ఇప్పటి కెమెరాలు తట్టుకుంటున్నాయి, మిగిలిన గరుకును కంప్యూటర్ తుడిచేస్తుంది, ఇంకా ఈ బండ ఎందుకు అంటారు. సగం ఒప్పుకుంటాను. అమ్రాబాద్ అడవిలో నడుస్తూ తిరిగేవాడికి, కొమ్మ మీంచి కొమ్మ మీదికి ఎగిరే లకుముకిని వెంటాడేవాడికి ఆ జూమే సరైనది. కానీ కంప్యూటర్ గరుకును తుడవగలదు, వెనకున్న తుమ్మకొమ్మల గజిబిజిని అంత నిజంగా కరిగించలేదు. 10 మీటర్ల దూరంలో 400 ఎంఎం ఎఫ్ 2.8కి స్పష్టంగా కనిపించే లోతు సుమారు 10 సెంటీమీటర్లు. గూడబాతు ముక్కు 30 సెంటీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. అది నేరుగా మీ వైపు తిరిగి, మీరు కన్ను మీద ఫోకస్ పెట్టారంటే ముక్కు కొన మసకేస్తుంది. కన్ను కావాలా ముక్కు కావాలా తేల్చుకోమని పిట్ట సమక్షంలోనే నిలదీసే లెన్స్ ఇది.

ఇక హంగుల మాట. ఈ లెన్స్ ఇంటికి రావడం కొత్త అల్లుడు రావడం లాంటిదే. తెచ్చుకోవడానికైన ఖర్చు ఖర్చే కాదు, అసలు మర్యాదలన్నీ తర్వాత మొదలవుతాయి. తేమ తగలకుండా డ్రై క్యాబినెట్ కావాలి, కోస్తాలో ఇది అలంకారం కాదు, అవసరమే. లేకపోతే గాజు మీద ఫంగస్ కాపురం పెడుతుంది. కంపెనీ ఇచ్చిన పాదం క్లాంపులో కూర్చోకపోతే దాన్ని తీసేసి ఇంకో పాదం కొనాలి. ముందుభాగానికి సరిపడే ఫిల్టరు మామూలు దుకాణాల్లో దొరకదు, అందుకే వెనకవైపు చిన్న సొరుగు ఇచ్చి అందులో 52 ఎంఎం ఫిల్టరో, ఇంకా చిన్నదో పెట్టుకోమంటారు. అల్లుడిగారి ఏకైక పొదుపు ఇదే. తర్వాత టెలికన్వర్టర్లు. 1.4 ఎక్స్ పెడితే 560 ఎంఎం ఎఫ్ 4, 2 ఎక్స్ పెడితే 800 ఎంఎం ఎఫ్ 5.6. ఎఫ్ 2.8 కోసం లక్షలు పోసి మళ్లీ ఎఫ్ 5.6కి దిగిరావడమేమిటని అడిగితే సమాధానముంది: వెలుతురు బాగా ఉన్నప్పుడు 800గా, తగ్గాక 400గా ఒకే లెన్స్ పనిచేస్తుంది. 2022లో నికాన్ ఈ 1.4 ఎక్స్‌ను లెన్స్ లోపలే అమర్చి ఒక మీట పెట్టింది. దుమ్ములో లెన్స్ విప్పే బాధ తప్పింది, విడిగా కొనే సరదా కూడా తప్పింది. రెండోదానికి కొందరు నిజంగానే బాధపడతారని నా అనుమానం.

హంగులన్నిటిలోకీ తర్కానికి అందనిది అడవి రంగుల తొడుగు. కానన్, సోనీ లెన్స్‌లు తెల్లగా ఉండేది ఎండ వేడిని తిప్పికొట్టడానికి. లోపలి ఫ్లోరైట్ మామూలు గాజు కన్నా వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఆ తెలుపు కోసం కంపెనీ అంత ఆలోచిస్తే, కొన్నవాడు మొదటివారంలోనే దాని మీద ముదురాకుపచ్చ తొడుగు తొడుగుతాడు. పిట్టలు చూడకుండా ఉండటానికట. పిట్టల కళ్లలో రంగు కణాలు నాలుగు రకాలు, మనకున్నవి మూడే. మన కంటికి అడవిలా కనిపించేది వాటి కంటికీ అలాగే కనిపిస్తుందన్న హామీ ఏమీ లేదు. పైగా గుంటూరు దగ్గర ఉప్పలపాడులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెరువులోని చెట్ల మీదే కాపురం ఉంటాయి. గేదెల్ని, స్కూటర్లను రోజూ చూసే ఆ పక్షులు తెల్ల లెన్స్‌ను చూసి గుండె పగిలి చస్తాయా? క్రికెట్ మ్యాచ్‌లో బౌండరీ గీత అవతల కూడా ఇవే తొడుగులు కనిపిస్తాయి. బ్యాట్స్‌మన్ బెదిరి ఎగిరిపోతాడని కాబోలు. గీతలు పడవు, మళ్లీ అమ్మేటప్పుడు ధర పలుకుతుంది అంటే సరే. అందంగా ఉంది కాబట్టి తొడిగాను అంటే ఇంకా సరే. పది లక్షల వస్తువు మీద ముద్దు రావడం నేరం కాదు, ఆ ముద్దుకు పక్షిశాస్త్రం పేరు పెట్టడం దగ్గరే నాకు పేచీ.

ఇదంతా డాబు కోసమేనని తేల్చేసేవాళ్లకు నేనిచ్చే జవాబు ఒక పరీక్ష. ఈ హంగు మనిషిని ఉన్నచోట ఇంకో అరగంట కూర్చోబెడుతుందా? గింబల్ కూర్చోబెడుతుంది. వదిలేస్తే లెన్స్ ఏ కోణంలో ఉందో ఆ కోణంలోనే నిలబడుతుంది, చేతులకు విశ్రాంతి. జీపు కిటికీ మీద పరిచే బీన్ బ్యాగ్ కూడా కూర్చోబెడుతుంది. ఖాళీగా తీసుకెళ్లి అక్కడి కొట్లో కొన్న శనగలో బియ్యమో నింపుకోవచ్చు, తిరిగొచ్చేటప్పుడు వండుకోవచ్చు కూడా, ఈ సౌకర్యం ఇంకే కెమెరా సామానుకూ లేదు. కార్బన్ హుడ్ మీద పేరు చెక్కించడం, కాలర్‌కు రంగు ఉంగరం తొడగడం ఈ పరీక్షలో తప్పుతాయి. తప్పినా కొనుక్కోండి, సరదా ఖాతాలో రాసుకోండి. ఇక ఈ పరీక్షలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకునేది ఏ కెమెరా దుకాణంలోనూ దొరకదు. అది ప్లాస్టిక్ సామాన్ల కొట్టు ముందు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటుంది, ధర వందల్లోనే. జానెడు ఎత్తున్న ఆ స్టూలుకు రివ్యూలు లేవు, తరాలు లేవు, లీటరు నీళ్ల సీసాను పక్కన పెట్టుకుంటే ఇంకే హంగూ అక్కర్లేదు. దానికి సరిపడే అడవి రంగుల తొడుగు ఎక్కడైనా దొరుకుతుందేమోనని రేపు ఎవరైనా వెతకడం మొదలుపెడితే మాత్రం నేను అడ్డుపడను.